థాంక్స్ చెప్పకూడనివి

మా దేశంలో థాంక్స్ చెప్పని సందర్భం వెతికి పట్టుకోవడం కష్టం. భోంచేసి లేస్తూ వండినవాళ్ళకి చెబుతాం. ఒకరింటికి వెళ్ళి కాఫీ తాగొస్తే, నెల తర్వాత వాళ్ళు సంతలో ఎదురుపడినా "మొన్నటికి థాంక్స్" అంటాం. కొట్లో సరుకు ఇచ్చినవాడు చెబుతాడు, పుచ్చుకున్న మనం చెబుతాం, దానికి మళ్ళీ అతను చెబుతాడు, ఎవరో ఒకరు అలిసిపోయేదాకా అది సాగుతుంది. నేను బస్సు నడుపుతాను. కాల్మార్ ఊళ్ళో బయల్దేరి, వంతెన దాటి, మా ఓలాండ్ దీవి మీద ఉత్తరాన బోర్యహోల్మ్ దాకా వెళ్ళి రావడం నా పని. దిగేవాళ్ళందరూ నాకు థాంక్స్ చెప్పే దిగుతారు. తాగి తూలుతున్నవాడు కూడా మెట్టు మీద ఆగి, కమ్మీ పట్టుకుని మరీ చెబుతాడు. చెప్పకుండా దిగే మనిషి ఆ ఏడాది ఒక్కతే ఉండేది. ఆ పిల్ల మా ఆయన కూతురు, తూవా.

పన్నెండు దాటి పదమూడులో పడబోతున్న పిల్ల. నేను తెల్లారకముందే ఇంట్లోంచి బయటపడి, బస్సు తీసుకుని, మళ్ళీ మా ఊరి మీదుగానే వచ్చేదాన్ని. స్టాపులో నిలబడి ఉండేది. ఎక్కి, కార్డు మిషన్‌కి చూపించి, నా ముఖం వంక చూడకుండా చిట్టచివరి సీటుకి వెళ్ళిపోయేది. అద్దంలో ఆమె నీలం టోపీ మాత్రం కనిపించేది. స్కూలు దగ్గర పిల్లలందరూ "థాంక్స్, థాంక్స్" అని గోలగా దిగుతుంటే, ఆ టోపీ వెనక తలుపులోంచి చల్లగా జారుకునేది.

హోకన్‌ని పెళ్ళి చేసుకుని నేను ఆ ఇంట్లో అడుగుపెట్టింది ఫిబ్రవరిలో. అతని మొదటి భార్య అగ్నెటా పోయి అప్పటికి రెండేళ్ళు. తూవా నాతో దెబ్బలాడలేదు, తలుపులు దభాలున వెయ్యలేదు. అలా చేసినా బాగుండేది. నాతో మాట్లాడేది కాదు, అంతే. భోజనాల బల్ల దగ్గర ఉప్పు నా చేతి పక్కనే ఉన్నా, "నాన్నా, ఆవిణ్ణి ఉప్పు ఇమ్మను" అనేది. హోకన్ నా దగ్గర ఉప్పు తీసుకుని ఆమెకి అందించేవాడు. చిక్కుడు పండించే మనిషి కాస్తా సొంత ఇంట్లో పోస్ట్‌మన్ అయిపోయాడు.

ఈస్టర్ నాడు కార్ల్‌స్టాడ్ నుంచి అమ్మమ్మ ఫోన్ చేసింది. అగ్నెటా తల్లి. దేశానికి ఆ చివర ఉంటుంది. ఆగస్టులో తూవా ఏడో తరగతి, ఎలాగూ కొత్త స్కూలే కదా, ఆ చదివేదేదో నా దగ్గర ఉండి చదవమనండి, గది ఖాళీగా ఉంది అంది. హోకన్ కూతుర్ని కూర్చోబెట్టి, "వేసవి అయ్యేలోపు నువ్వే తేల్చుకో తల్లీ, నేను ఒత్తిడి చెయ్యను" అని చెప్పి, పొలానికి వెళ్ళి చీకటి పడేదాకా రాలేదు.

ఆ పిల్ల వెళ్ళకూడదని నాకు ఉండేది. నేను రావడం వల్లే వెళ్ళిపోయిందని ఊరంతా అనుకుంటారన్న భయం కొంత ఉంది, దాచను. కానీ దాన్ని మించింది ఇంకొకటి ఉంది. పిల్లలు కావాలని ఏడవాల్సిన ఏడుపంతా నేను గోథెన్‌బర్గ్‌లో, నాలుగో అంతస్తు వాటాలో, ఎప్పుడో ఏడ్చేసి మానేశాను. మానేశాననే అనుకున్నాను. ఈ ఇంటికొచ్చాక ఒక సాయంత్రం బట్టలు ఉతికే గదిలో ఉంటే, పెరట్లోంచి తూవా గొంతు వినిపించింది. కోళ్ళతో మాట్లాడుతోంది. స్కూల్లో ఏం జరిగిందో, మధ్యాహ్నం తిండి ఎంత చెత్తగా ఉందో, ఎవరు ఎవర్ని ఏమన్నారో పూసగుచ్చినట్టు చెబుతోంది. నేను మిషన్ ఆపేసి, తడిబట్టలు పట్టుకుని, కిటికీ కింద నేల మీద కూర్చుని విన్నాను. అందులో ఒక్క ముక్క, ఎంత పనికిమాలినదైనా సరే, నాతో చెబితే చాలనిపించింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికేదాన్ని.

అవి అగ్నెటా కోళ్ళు. ఈ దీవిలో పాతకాలం నుంచీ ఉన్న జాతి. చిన్నగా, చుక్కలు చుక్కలుగా, తిక్కతిక్కగా ఉంటాయి. వాటికి ఆవిడ మసాలా దినుసుల పేర్లు పెట్టింది. మిరియం, దాల్చిన, లవంగం, యాలక. పుంజుని గద్ద ఎత్తుకుపోయింది. ముసలి పెట్టలు మాత్రం మిగిలాయి. అందరికీ పెద్ద మిరియం. గింజలు వేస్తే అది తిన్నాకే తక్కినవి ముట్టాలి. నేను ఆవరణ దాపులకి వెళితే మెడ నిక్కించి, ఒంటికన్నుతో నన్ను ఎగాదిగా చూసేది. ఆ చూపు తూవా దగ్గర నేర్చుకుందో, తూవాయే దాని దగ్గర నేర్చుకుందో తెలియదు.

మే నెలలో ఒక పొద్దున తూవా బల్ల దగ్గర అంది.

"నాన్నా, దాల్చిన పొదుగుకి కూర్చుంది. కింద ఏమీ లేవు. ఉత్తి గడ్డి మీద కూర్చుంది."

"లేపి చన్నీళ్ళలో ముంచు. పోతుంది ఆ పిచ్చి."

"అమ్మ అలా చేసేది కాదు. గుడ్లు పెట్టేది."

"పుంజు లేనిదే పిల్లలయ్యే గుడ్లు ఎక్కణ్ణించొస్తాయే?"

"మెర్తా దగ్గర ఉన్నాయిగా. అమ్మ ఇచ్చిన కోళ్ళే అవి. మన మిరియం పిల్లల పిల్లలు."

"చిక్కుడు నాటడం అవనీ, వెళదాం."

"అప్పటిదాకా అది కూర్చోదు" అంది తూవా. గొంతు మామూలుగానే ఉంది. పాలగ్లాసు మాత్రం సగంలో వదిలేసి లేచింది.

ఆ రోజు నాకు సెలవు. కారు తీసుకుని మెర్తా ఇంటికి వెళ్ళాను. రాతిగోడల దారిలో ఊరికి చివరిల్లు. మెర్తా ఎనభై దాటిన మనిషి. ఊళ్ళో అందరికీ ఏదో ఒక పేరు పెట్టి పిలుస్తుంది. నన్ను చూసి చేతులు దులుపుకుంటూ వచ్చింది.

"ఏమే బస్సమ్మా, దారి తప్పావా? నీ బస్సు ఇటు రాదుగా?"

గుడ్ల సంగతి చెప్పాను. మెర్తా నన్ను కాసేపు పరకాయించి చూసి, గూట్లోకి దూరింది. బయటికొచ్చేటప్పటికి చేతిలో పాత ఉన్ని టోపీ, అందులో గోధుమరంగు గుడ్లు. బేసి సంఖ్యలో ఉండాలట, లెక్కపెట్టి ఒకటి వెనక్కి తీసింది. అవి ఇంకా వెచ్చగా ఉన్నాయి. టోపీ చేతిలో పడగానే నాకు కళ్ళు చెమర్చాయి. ఇక నోటికి అడ్డేముంది?

"థాంక్స్ మెర్తా, ఎంత థాంక్స్ చెప్పినా..."

"అయ్యో!" అంది మెర్తా, పాలు పొంగిపోయినట్టు. "అనేశావా!"

"ఏమన్నాను?"

"ప్రాణమున్నదాన్ని ఇస్తే థాంక్స్ చెప్పకూడదే పిచ్చిమొహమా! మొక్క అయినా, గుడ్డు అయినా, కుక్కపిల్ల అయినా. చెబితే నిలవదు. మీ ఊళ్ళో ఎవరూ చెప్పలేదా?"

"మా ఊళ్ళో మొక్కలు కొట్లో కొనేవాళ్ళం" అన్నాను.

"అదీ సంగతి. సరేలే, చూద్దాం" అంది మెర్తా. కానీ ఆ చూద్దాంలో జీవం లేదు. నేను నవ్వుకుంటూ కారెక్కాను. వెళ్ళి టోపీని బల్ల మీద పెట్టాను. తూవా స్కూలు నుంచి వచ్చి చూసింది. నన్ను చూసింది. టోపీని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళింది. పొదిగే ఆ మూడు వారాలూ ఆమె కోళ్ళతో చెప్పే కబుర్లలో కొత్త హుషారు వచ్చింది. నేను తెగ బట్టలుతికాను.

ఒక్క గుడ్డు కూడా పిగల్లేదు. రోజు దాటింది, ఇంకో రోజు దాటింది. దాల్చిన తనే లేచిపోయి, దుమ్ములో పొర్లి, మిరియం వెనకాల ఏమీ ఎరగనట్టు తిరగడం మొదలెట్టింది. మధ్యలో ఒక రాత్రి బాగా చలేసింది కదా, అదే అయ్యుంటుందన్నాడు హోకన్. తూవా వినలేదు. సైకిలేసుకుని మెర్తా దగ్గరికి వెళ్ళింది. తిరిగొచ్చేటప్పటికి నేను వంటింట్లో, పంది మాంసం కూరి బంగాళదుంప ముద్దలు చుడుతున్నాను. ఆ పిల్ల గుమ్మంలో నిలబడింది. ముఖం కందగడ్డలా ఉంది.

"నువ్వు థాంక్స్ చెప్పావట."

ఫిబ్రవరి నుంచి నేను ఎదురు చూసిన మాట. నాతో, నా ముఖం చూసి, నువ్వు అని అన్న మొదటి మాట అది.

"నాకు తెలీదు తూవా. నిజంగా."

"ఎవరికైనా తెలుస్తుంది! మా అమ్మకి తెలుసు! ఏమీ తెలీనప్పుడు ఎందుకు వెళ్ళావు? నిన్నెవరు వెళ్ళమన్నారు?"

మెట్లు దడదడలాడాయి. పైన తలుపు పడింది. నేను పిండి చేతులతో అలాగే నిలబడ్డాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఏడుపుతో పాటు కొంచెం సంతోషం కూడా వేసింది. తలుపు దభాలుమంది కదా.

జూన్‌లో వచ్చే మిడ్‌సమ్మర్ పండగకి ముందు రోజు మళ్ళీ మెర్తా దగ్గరికి వెళ్ళాను. ఏమీ అడక్కముందే ఆవిడ వసారాలోకి తీసుకెళ్ళింది. పొదిగే పెట్టెలో చేయించిన పిల్లలట. మూడు నాలుగు వారాల వయసు. సగం నూగు, సగం ఈకలు, పొడుగాటి కాళ్ళు, ఎదిగే పిల్లల అందవికారం అంతా ఉంది వాటికి. అవీ ఆ సంతతివే. అట్టపెట్టెలో ఐదింటిని వేసి నా చేతికిచ్చి, నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

నేను పెదాలు బిగబట్టాను. గొంతులోకి వచ్చినదాన్ని మింగాను. పుట్టి బుద్ధెరిగాక ఇంత మర్యాదలేని పని చెయ్యలేదు. ముఖం తిప్పుకుని, పెట్టె పట్టుకుని, దొంగలా కారు వైపు నడిచాను. వెనక నుంచి మెర్తా పగలబడి నవ్వింది.

"నేర్చుకుంటున్నావే బస్సమ్మా! తలైనా ఊపకు, చూస్తున్నా!"

పిల్లల్ని బట్టలుతికే గదిలో, వెచ్చదనం కోసం ఎర్ర దీపం కింద పెట్టాను. తూవాని పిలవలేదు. పిలిస్తే రాదు. పండగ నాడు అందరం పచ్చిక మీద కొత్త బంగాళదుంపలూ ఊరబెట్టిన చేపా తిని వచ్చాక, నేను లోపల నీళ్ళు మారుస్తుంటే గుమ్మంలో నీడ పడింది.

"దీపం మరీ కిందకుంది" అంది. "నోరు తెరుచుకుని రొప్పుతున్నాయి చూడు."

పైకి కట్టాను.

"ఈసారి చెప్పావా?"

"లేదు."

"ఒట్టు?"

"ఒట్టు. మెర్తాని అడుగు. తల కూడా ఊపలేదు."

ఆమె వచ్చి పెట్టె పక్కన గొంతుక్కూర్చుంది. నేను మెల్లగా లేచి వెళ్ళబోయాను. "తలుపెయ్యకు, వాటికి గాలి కావాలి" అంది. నన్ను ఉండమన్నట్టా, వెళ్ళమన్నట్టా? అర్థం కాక, గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయాను. ఆ సాయంత్రం ఆ పిల్ల కోడిపిల్లలతో మాట్లాడిందంతా కిటికీ కింద నక్కకుండా విన్నాను.

జులైలో వాటిని బయటికి తెచ్చాం. తిన్నగా పాతవాటి మధ్య వదిలితే చంపేస్తాయి. అందుకని ఆవరణని ఇనప జాలీతో రెండు చేశాడు హోకన్. అటు పాతవి, ఇటు కొత్తవి. ఒకరినొకరు చూడొచ్చు, ముట్టుకోలేరు. గింజల పళ్ళేలు జాలీకి చెరోవైపు ఆనించి పెట్టాలి, పక్కపక్కన తినడం అలవాటవ్వాలి. ఎన్నాళ్ళు అంటే వాటి ఇష్టం. మొదటిరోజు మిరియం జాలీని ముక్కుతో టకటకా కొట్టింది. పిల్లలు ఐదూ ఒక మూల ఒకదాని కింద ఒకటి దూరాయి.

నేను పని నుంచి వచ్చి, కాఫీ తెచ్చుకుని, అక్కడ బోర్లించిన బకెట్ మీద కూర్చునేదాన్ని. తూవా అటు చివర తన బకెట్ మీద. మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఎప్పుడైనా ఆ పిల్ల, "యాలక ఇవాళ ఇటు చూసి తింది" అనేది. "అవునా?" అనేదాన్ని. అంతే. ఆ మాత్రానికే ఆ రాత్రి నాకు నిద్ర బాగా పట్టేది.

జులై చివర్లో అమ్మమ్మ తీసుకెళ్ళడానికి వస్తానంది. కొన్నాళ్ళు కార్ల్‌స్టాడ్‌లో ఉండి చూస్తుంది, స్కూలు చూస్తుంది, నచ్చితే ఇక అక్కడే. రేపు ప్రయాణమనగా మధ్యాహ్నం నేను బస్సు దిగి ఇంటికొచ్చేసరికి పెరట్లోంచి అరుపులు. కోళ్ళ అరుపులు కాదు. పరిగెత్తాను.

జాలీ తీసేసి ఉంది. మిరియం ఒక పిల్లని మూలకి నొక్కి తల మీద పొడుస్తోంది. లవంగం సాయం పడుతోంది. తూవా వాటి మధ్య మోకాళ్ళ మీద పడి చేతులు అడ్డం పెడుతోంది. నేను మిరియాన్ని రెక్కలతో సహా ఒడిసిపట్టి గూట్లోకి తోసి తలుపేశాను. అది నా మణికట్టు చీరేసింది. మళ్ళీ జాలీ కట్టి వచ్చేటప్పటికి, తూవా ఆ పిల్లని గుండెకి హత్తుకుని గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. దాని మెడ వెనక ఈకలు పోయి మాంసం ఎర్రగా కనిపిస్తోంది.

తిట్టాలని అనిపించలేదు. పక్కన కూర్చున్నాను.

"నేను వెళ్ళేలోపు కలిసిపోతాయేమోనని" అంది తూవా. "కలిసి తినడం చూసి వెళదామని."

"తెలుసు."

"ఒక్క రక్తమే కదా! మిరియం మనవలే కదా ఇవి! ఎందుకు పొడవాలి?"

"దానికా సంగతి తెలీదు తూవా. తన గూట్లోకి ఎవరో వచ్చారు. దానికి తెలిసింది అంతే."

ఆమె ఆ కోడిపిల్ల వంకే చూసింది.

"తన చోటు పోతుందని భయమేమో."

"అయ్యుంటుంది. కానీ ఎవరూ దాని చోటుకి రాలేదు. గూట్లో అవి ఎక్కి పడుకునే కర్ర చాలా పొడుగుంది, సగం ఖాళీగానే ఉంది."

తూవా నా వంక చూడలేదు. ముక్కు చేత్తో తుడుచుకుంది.

"తారు పూయాలి" అంది తర్వాత. "పడవలకి పూసే తారు. చేదుగా ఉంటుంది, ఇంక పొడవవు. అమ్మ అదే పూసేది. డబ్బా షెడ్డులో ఉంది, కిటికీ పైన."

తెచ్చాను. మూత బిగుసుకుపోయింది. అగ్నెటా పోయాక ఎవరూ తీసినట్టు లేదు. స్క్రూడ్రైవర్‌తో లేవదీస్తే గుప్పున పొగవాసన వచ్చింది. ఆ వాసనకి తూవా కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచి, "నువ్వు పట్టుకో, నేను పూస్తా" అంది.

పట్టుకున్నాను. నా అరచేతుల్లో దాని గుండె టపటపలాడుతోంది. తూవా పుల్లతో నెమ్మదిగా, చుట్టూ, మధ్యలో పూసింది. నా వేళ్ళకీ పూసింది, తన వేళ్ళకీ పూసుకుంది. అయ్యాక ఆ మెడ నల్లగా మెరిసింది.

"దీని పేరు తారు" అంది.

"అది మసాలా దినుసు కాదుగా?"

"కాకపోతే ఏం?" అంది.

మర్నాడు పొద్దున్నే నేను పనికి పోయాను. సాయంత్రానికి ఇంట్లో నీలం టోపీ లేదు. స్టీరింగ్ మీద నా వేళ్ళు ఆ వారమంతా తారు వాసనేశాయి. అది పోకుండా ఉండాలని సబ్బు తక్కువ వాడాను.

ఆ ఆగస్టు నాకు చాలా పొడుగైంది. పర్యాటకులు కిక్కిరిసిపోయి, థాంక్స్‌ల మీద థాంక్స్‌లు చెప్పి దిగేవాళ్ళు. ఒక్కటీ చెవికెక్కేది కాదు. స్టాపుల్లో అద్దంలోకి చూసేదాన్ని, వెనక సీటు వైపు. ఇంటికొచ్చి ఎవరూ కట్టుకోని బట్టలు ఉతికేదాన్ని. ఒకరోజు హోకన్ బల్ల దగ్గర ఉప్పు తీసి, ఎవరికి అందించాలో తెలియక, చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

వారం తర్వాత ఫోన్ మోగింది. హోకన్ తీశాడు. "తింటున్నాయి... బానే ఉన్నాయి... ఏమో తల్లీ, నేను చూళ్ళేదు" అన్నాడు. తర్వాత రిసీవర్ నా వైపు చాచాడు, కళ్ళు పెద్దవి చేసి. "మారిట్, నీకివ్వమంటోంది."

"నాన్నకి ఏమీ తెలీదు" అంది అటు నుంచి తూవా. "తారు ఎలా ఉంది?"

"మెడ మీద చెక్కు కట్టింది. మొలకల్లా ఈకలొస్తున్నాయి."

"జాలీ దగ్గర?"

"పక్కపక్కనే పడుకుంటున్నాయి, జాలీకి అటూ ఇటూ. మధ్యలో కాఫీ కప్పు పట్టేంత చోటుంది."

"మిరియం కూడానా?"

"మిరియం వీపు పెట్టి కూర్చుంటోంది. కానీ అక్కడే కూర్చుంటోంది."

ఆమె చిన్నగా నవ్వింది. తర్వాత అంది, "అమ్మమ్మ నా గదికి పచ్చరంగు వేయించింది. స్కూలు చాలా పెద్దది. ఈత కొలను కూడా ఉంది."

"బావుంటుంది" అన్నాను. ఇంకేమనాలి? రా అనే హక్కు నాకెక్కడిది? ఫోన్ పెట్టేసి మెట్ల మీద కూర్చుని ఆ పచ్చరంగు గదిని, ఆ ఈత కొలనుని మనసారా తిట్టుకున్నాను.

జాలీ నేనే తీశాను, ఒక మబ్బు పట్టిన సాయంత్రం. తూవా ఇంకోసారి ఫోన్ చేసి చెప్పినట్టే చేశాను. పడుకునే వేళకి కాస్త ముందు, పొడవడానికి ఓపిక లేనప్పుడు తియ్యాలి. ఒక క్యాబేజీని తాడు కట్టి మధ్యలో వేలాడదీయాలి, వాటి ముక్కులకి పనుండాలి. మిరియం తారుని ఒక్కటి పొడిచింది. తారు పక్కకి జరిగింది, పారిపోలేదు. ఇంకోటి పొడవబోయి, ఊగుతున్న క్యాబేజీ చూసి అటు పోయింది. నేను బకెట్ మీద కూర్చుని చూశాను. పక్కన ఖాళీ బకెట్ ఉంది. ఈ చూపు నాది కాదు, ఆ పిల్ల చూడాల్సింది నేను చూస్తున్నానన్న బెంగ పట్టుకుంది.

స్కూళ్ళు సోమవారం తెరుస్తారనగా, తూవా శనివారం వస్తుందని కబురు. హోకన్ స్టేషన్‌కి వెళ్ళి తీసుకొస్తాడు. ఉండడానికా, తక్కిన సామాను తీసుకెళ్ళడానికా అని అడిగాను. "అడిగితే వచ్చాక చెబుతానంది" అన్నాడు హోకన్, చిక్కుడు కాయ ఒలిచిందే ఒలుస్తూ.

శుక్రవారం మధ్యాహ్నం కాల్మార్ స్టేషన్ ముందు బస్సు ఆపి తలుపు తీశాను. ఎక్కుతున్న జనం చివర నీలం టోపీ. ఒక చేత్తో సూట్‌కేసు, ఇంకో చేత్తో చిన్న పూలకుండీ, అందులో ఒంటి జెరేనియం కొమ్మ.

"రేపు కదా?" అన్నాను.

"ఇవాళ్టి డ్యూటీ నీదని నాన్న చెప్పాడు" అంది. కార్డు చూపించింది. వెనక్కి వెళ్ళలేదు. నా వెనకే, మొదటి సీట్లో, కుండీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"అమ్మమ్మ ఇచ్చింది. తన కిటికీలో పెద్ద చెట్టుంది, దాన్నించి తుంచింది. తుంచుతుంటే ఏడ్చింది."

"ఎందుకు?"

"నేను థాంక్స్ చెప్పలేదులే" అంది, అదే జవాబైనట్టు. "కలిశాయా అవి?"

"కలిశాయి. తూవా, నువ్వు..."

వేలెత్తి నా తల మీదున్న బోర్డు చూపించింది. బస్సు నడుస్తుండగా డ్రైవర్‌తో మాట్లాడరాదు. అన్నేళ్ళుగా ఆ బోర్డు కింద కూర్చున్నాను, అంత కోపం ఎప్పుడూ రాలేదు. వంతెన ఎక్కాం. కింద నీళ్ళు ఎండలో తళతళలాడుతున్నాయి. వంతెన దిగాం. గాలిమరలు, రాతిగోడలు, పచ్చబడ్డ చిక్కుడు పొలాలు. ఆగిన చోటల్లా జనం థాంక్స్ చెప్పి దిగారు. అద్దంలో చూశాను. ఆ పిల్ల కొమ్మకి ఎండ తగలకుండా టోపీ తీసి అడ్డం పెట్టింది.

మా స్టాపులో ఆపాను. సూట్‌కేసు పట్టుకుని లేచి, ముందు తలుపు దగ్గరికి, నా పక్కకి వచ్చి నిలబడింది.

"ఇప్పుడు ఆగింది కదా, మాట్లాడొచ్చు" అంది. "సోమవారం పొద్దున డ్యూటీ ఎవరిది?"

"నాదే."

"అయితే ఆ సీటు ఎవరికీ ఇవ్వకు. రోజూ నాదే అది."

నాకు కళ్ళు మసకలు కమ్మాయి. ఇక నోటికి అడ్డేముంది? మాట నాలుక చివరికి వచ్చేసింది. ఆ పిల్లకి తెలిసిపోయింది. చప్పున అరచెయ్యి నా ముందు పెట్టింది. గోళ్ళ మూలల్లో నల్లటి మరకలు ఇంకా పూర్తిగా పోలేదు.

"మారిట్, అనొద్దు. నిలవాలా, వద్దా?"

నేను పెదాలు బిగబట్టాను. తల కూడా ఊపలేదు. తూవా ఒక్క క్షణం నన్ను చూసి, మెట్లు దిగి, కుండీని జాగ్రత్తగా పట్టుకుని ఇంటి వైపు, పెరటి వైపు గబగబా నడిచింది.

రెండో సీట్లో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. అంతా చూస్తూనే ఉంది కాబోలు.

"ఈ కాలం పిల్లలకి మర్యాదే తెలీదండీ" అంది. "అంత దూరం ముందు సీట్లో కూర్చుని వచ్చింది కదా, దిగేటప్పుడు మీకు ఒక్క థాంక్స్ అయినా చెప్పిందా?"

"లేదండీ, చెప్పలేదు" అన్నాను. కళ్ళు తుడుచుకుని, తలుపు వేసి, బస్సు కదిలించాను.